ఆరూ నలభై బస్సుకు ప్రశంసాపత్రం

మా ఊళ్లో అన్నిటికంటే ఎక్కువమంది చదివిన పుస్తకం బస్టాండులోని ఫిర్యాదుల పుస్తకమని సవినయంగా తెలియజేసుకుంటున్నాను. ఇది నా గొప్ప కోసం చెప్పే మాట కాదు. లైబ్రరీ ఆయన స్వయంగా ఒప్పుకున్న మాట. లైబ్రరీ పనివేళల్లో, లైబ్రరీకి తాళం వేసి, బస్టాండుకు వచ్చి ఆ పుస్తకం చదువుతూ ఒప్పుకున్నారు.

అంతకుముందు పదకొండేళ్లపాటు ఆ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని ఎంక్వైరీ కిటికీ పక్కన గొలుసుతో కట్టారు. పెన్నుకు గొలుసు కట్టలేదు కాబట్టి పెన్ను మొదటి రోజే పోయింది. పెన్ను పోయిందని ఫిర్యాదు రాద్దామన్నా పెన్ను లేదు. ఆ విధంగా మా బస్టాండు పదకొండేళ్లుగా ఒక్క ఫిర్యాదూ లేని బస్టాండుగా పేరు తెచ్చుకుని, ఏడాదికొకటి చొప్పున పదకొండు షీల్డులు గెలుచుకుంది. షీల్డుల బీరువా పెట్టడానికి చోటు చాలక ఆడవాళ్లు కూర్చునే గది ఖాళీ చేయించారు. దాని మీద కూడా ఎవరూ ఫిర్యాదు రాయలేదు.

ఇక బస్సు సంగతి. అది రాత్రి మా బస్టాండులోనే ఆగి ఉంటుంది. పొద్దున ఆరూ నలభైకి పట్నం బయల్దేరాలి. ఎక్కడినుంచో రావలసిన బస్సు ఆలస్యమైతే అర్థం చేసుకోవచ్చు. ఇది ఉన్నచోటు నుంచి కదలడానికే ఆలస్యం చేసే బస్సు. ఏడుకో, ఏడూ పదికో, డ్రైవరు గారికి టీ బాగా కుదిరిన రోజున ఏడున్నరకో కదిలేది. రిజిస్టరులో మాత్రం రోజూ ఆరూ నలభై అనే ఉండేది. అందులో మోసమేమీ లేదు. బస్టాండు గోడ గడియారం ఎప్పుడో ఆరూ నలభై దగ్గర ఆగిపోయింది. బస్సు కదిలినప్పుడల్లా ఎంక్వైరీ బాబాయి నిబంధనల ప్రకారం తలెత్తి గడియారం చూసి, కనబడిన టైమే రాసేవాడు.

మా ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ. సలహాలకు పక్కింట్లో పెదనాన్న ఉన్నాడు. అమ్మ పట్నంలో రెడీమేడ్ బట్టల షెడ్డులో మిషను కుడుతుంది. షెడ్డు గేటు సరిగ్గా ఎనిమిదికి మూస్తారు. బస్సు ప్రయాణం యాభై నిమిషాలు. అంటే బస్సు కదలడం ఏడూ పది దాటిందా, అమ్మ మూసిన గేటును చూసి తిరిగి రావలసిందే. ఆ నెల మొదట్లో షెడ్డు సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు.

"ఇంకో మూడుసార్లు గేటు పడ్డాక వచ్చావంటే నీ మిషను ఇంకొకళ్లకి ఇచ్చేస్తా. బస్సు కథలు నాకు చెప్పకు."

ఆ మిషను పోతే మా ఇల్లు ఎలా గడుస్తుందో నేను వివరించనక్కర్లేదు. చదివేవాళ్లు తెలివైనవాళ్లు.

నేను అప్పుడే ఊరి బడిలో పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. రోజూ అమ్మ సంచీ పట్టుకుని బస్టాండుకు వెళ్లి, ఆమెను ఎక్కించి వచ్చేదాన్ని. ఒకరోజు అమ్మ, "వెళ్లి అడగవే, ఈ మహానుభావుడు ఎప్పుడు కదులుతాడో" అంది. అడగాలంటే మాట్లాడాలి. పదిమందిలో మాట్లాడటం నాకు చేతకాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. కిటికీ దాకా వెళ్లాను, నోరు పెగల్లేదు. ఊరికే తిరిగి వస్తే అమ్మ మళ్లీ పంపుతుంది. అందుకని నా పెన్ను తీసి, ఎదురుగా కనబడిన పుస్తకంలో రాసి వచ్చేశాను.

"ఆరూ నలభై బస్సు ఏడూ ఎనిమిదికి బయలుదేరుతోంది. డ్రైవరు గారు రెండు టీలు తాగారు. రెండోది చల్లారిందని మూడోది చెప్పారు. మా అమ్మ బస్సు మెట్టు మీద నిలబడి ఆయన గ్లాసు వైపే చూస్తోంది. గ్లాసు అడుగు కనబడగానే బస్సులో అందరికీ ప్రాణం లేచివచ్చింది."

మర్నాడు ఎంక్వైరీ బాబాయి దాన్ని చూశాడు. తన సర్వీసులో మొదటి ఫిర్యాదు. ఆ ఆనందం పట్టలేక బస్టాండులో ఉన్నవాళ్లందరినీ పిలిచి, కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా చదివాడు. జనం విరగబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు డ్రైవరు.

"మూడోది కాదమ్మాయ్, నాలుగోది. నువ్వు రాకముందే ఒకటి అయిపోయింది. రాసేటప్పుడు వివరం కనుక్కుని రాయాలి కదా" అన్నాడు.

పుస్తకంలో ప్రతి ఫిర్యాదు పక్కనా 'తీసుకున్న చర్య' అని ఒక గడి ఉంటుంది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని, ఆ గడిలో "చదవడమైనది. నవ్వడమైనది" అని రాసి సంతకం చేశాడు.

రోజుకొకటి రాస్తే ఎప్పటికైనా సిగ్గుపడి కదులుతారని నేను ఆశపడ్డాను. రోజూ రాశాను. మచ్చుకు ఒకటి.

"మూడో వరుసలో మగవాళ్ల సీటులో స్ప్రింగు పైకి వచ్చింది. అందులో ఎంతటి పెద్దమనిషి కూర్చున్నా వెంటనే లేచి, పక్కన నిలబడ్డ ఆడవాళ్లతో 'మీరు కూర్చోండమ్మా' అంటున్నాడు. మర్యాద నేర్పుతున్న ఆ స్ప్రింగును బాగు చేయవద్దని మనవి."

తీసుకున్న చర్య: "మనవి ఆమోదించడమైనది."

నెల తిరగకుండా ఫిర్యాదుల పుస్తకం కోసం పక్క ఊళ్ల నుంచి కూడా మనుషులు రావడం మొదలైంది. ప్రయాణం లేనివాళ్లు కూడా పొద్దున్నే తలదువ్వుకుని బస్టాండుకు వచ్చేవారు. టీ కొట్టాయన రెండు బల్లలు కొత్తగా వేయించాడు. రిటైరైన తెలుగు మాస్టారు ఎర్ర పెన్నుతో వచ్చి బాగున్నచోట గీత గీసి, బాగా లేనిచోట నిట్టూర్చేవారు. డ్రైవరు గారైతే తన గురించి రాయని రోజున మొహం వేలాడేసుకునేవాడు.

"నా గురించి రాసి నాలుగు రోజులైంది పాపా, నామీద కోపమా? ఇవాళ టీతోపాటు బిస్కెట్లు కూడా తిన్నాను. నిదానంగా, ముంచుకుని మరీ తిన్నాను. చూశావా లేదా?"

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. బస్సు ఆలస్యం గురించి నేను రాసింది చదివితే గాని బస్సు కదలకూడదని జనం తీర్మానించుకున్నారు. బాబాయి చదవాలి. డ్రైవరు విని, బాగున్న ముక్క మళ్లీ చదివించుకోవాలి. కండక్టరు దాని మీద తన అభిప్రాయం చెప్పాలి. ఇదంతా అయ్యేసరికి ఒక్కోరోజు ఏడూ ఇరవై అయ్యేది. ఆ లెక్కన స్ప్రింగు గురించి రాసిన రోజు అమ్మకు గేటు పడింది. పక్క ఊరి జనం మొదటిసారి వచ్చిన రోజు, వాళ్ల కోసం మొత్తం పుస్తకం మొదటినుంచి చదవాల్సి రావడంతో, రెండోసారి గేటు పడింది.

మర్నాడు నేను రాయడం మానేశాను. అయినా ఆ రోజు జనం కదలకుండా కూర్చున్నారు. "అమ్మాయి ఆలోచిస్తోంది, తొందరపెట్టకండి" అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఎదురుచూశారు. ఏడూ తొమ్మిదికి ఎలాగో బస్సు కదిలింది. మూస్తున్న గేటులోంచి అమ్మ పక్కకు తిరిగి దూరిందట. ఇంటికి వచ్చి సంచీ విసిరికొట్టి అంది, "నీ రాతలు నన్ను గేటుకి అటు ఒక కాలు, ఇటు ఒక కాలు చేసేట్టున్నాయే!"

ఆ వారమే బస్టాండు మేనేజరు గారి నుంచి నాకు పిలుపు వచ్చింది. మాట్లాడటానికి తోడుగా పెదనాన్న వచ్చాడు. షీల్డుల బీరువా ముందు మేనేజరు గారు లేచి నిలబడి, మేమిద్దరం ఒక సభ అన్నట్టుగా ఉపన్యసించారు.

"విమర్శ అనేది సంస్థకు ఊపిరి. నేను విమర్శను ఎప్పుడూ స్వాగతిస్తాను. అయితే స్వాగతించడం వేరు, లోపలికి రానివ్వడం వేరు. ఈ పన్నెండో షీల్డు మాకు రాదని పై ఆఫీసు నుంచి సూచన వచ్చింది. కారణం నీ చేతిలోని పెన్ను. అలాగని నిన్ను ఆపే హక్కు నాకు లేదు. నీలో కళ ఉందమ్మా. కళను ఉచితంగా వాడుకోవడం నా మనసుకు ఒప్పదు. అందువల్ల, ప్రజాప్రయోజనం దృష్ట్యా, తాత్కాలిక సంతృప్తి లేఖకురాలు అనే పోస్టును మంజూరు చేయించాను."

బల్ల మీద ఎర్ర అట్టతో ఒక కొత్త పుస్తకం ఉంది. ప్రశంసల పుస్తకం. దానికి గొలుసు లేదు. ఎవరూ ఎత్తుకుపోరని వాళ్లకు నమ్మకం. నా పని రోజుకు మూడు ప్రశంసలు రాయడం. ఒకటి పెద్దమనిషి గొంతుతో, ఒకటి గృహిణి గొంతుతో, ఒకటి దూరప్రాంతం నుంచి వచ్చి ఆశ్చర్యపోయిన ప్రయాణికుడి గొంతుతో. నెలకు జీతం. ఫ్యాను కింద కుర్చీ. పదకొండింటికి టీ. ఒకే ఒక్క షరతు ఏమిటంటే, ఒకే చేతిరాత రెండు పుస్తకాల్లో ఉండకూడదు. ఇటు చేరితే అటు మానాలి.

"బస్సును ఆరూ నలభైకి పంపించేస్తే ఫిర్యాదు ఉండదు కదండీ" అన్నాడు పెదనాన్న, మాటవరసకి.

మేనేజరు గారు నొచ్చుకున్నారు. "చూడండీ, రవాణా విషయాలు వేరే విభాగం చూసుకుంటుంది. నాది ప్రజాసంబంధాలు."

ఇంట్లో ఆలోచన జరిగింది. పెదనాన్నది స్థిరమైన అభిప్రాయం.

"పిచ్చిదానా, ఉచితంగా తిడితే ఏమొస్తుంది? జీతం తీసుకుని పొగుడు. నేను ముప్పై ఏళ్లు నౌకరీ చేశాను, మా ఆఫీసరుని పొగిడినందుకు నాకు పైసా ఇవ్వలేదు. నీకు కనీసం పోస్టు పెట్టారు!"

అమ్మ రెండు పుస్తకాల సంగతీ ఓపిగ్గా వింది. ఆమెకు చదవడం రాదు. చివర్లో ఒక్కటే అడిగింది.

"రెండిట్లో ఏది రాస్తే బస్సు కదుల్తుందే?"

సలహాలు అయిపోయినట్టు పెదనాన్న లేచి పక్కింటికి వెళ్లిపోయాడు.

వార్త పొక్కింది. మర్నాడు పొద్దున బస్టాండులో నా కోసం పాఠకుల సభ ఏర్పాటైంది. లైబ్రరీ ఆయన బల్ల ఎక్కారు.

"జీతం పుచ్చుకున్న అక్షరానికి వెన్నెముక ఉండదు! ఈ అమ్మాయి రాతకు అందం దేనివల్ల వచ్చింది? స్వేచ్ఛ వల్ల! స్వచ్ఛందం వల్ల! రచయిత అన్నవాడు ఆకలితో ఉన్నా పెన్ను అమ్ముకోడు!" అన్నారు. ఆయన నెలజీతం మీద పనిచేస్తారు. అది ఆయన డ్యూటీ టైము. అందరూ చప్పట్లు కొట్టారు. నాక్కూడా ఒళ్లు పులకరించింది. నా రాత గురించి అన్ని మంచిమాటలు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

టీ కొట్టాయన కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మానేస్తే మా పొద్దుటిపూట ఏమైపోవాలి తల్లీ?"

అంత అభిమానం చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఒక చీటీ రాసి బాబాయికి ఇచ్చాను. ఆయన చదివాడు.

"పాఠకులకు ఒక్క మనవి. రేపటినుంచి మీరందరూ ఆరూ నలభైకల్లా బస్సులో కూర్చుంటే డ్రైవరు గారు కదలక తప్పదు. ఫిర్యాదు తర్వాత చదువుకోవచ్చు. మా అమ్మకు ఇంకొక్క గేటే మిగిలింది. అలా చేస్తారంటే నేను జీతం వదులుకుని ఎన్నాళ్లయినా మీకోసం రాస్తాను."

ఒకరు గొంతు సవరించుకున్నారు. "ఆరూ నలభైకా?" అన్నారు ఇంకెవరో వెనకనుంచి. చివరికి తెలుగు మాస్టారు తీర్పు చెప్పారు.

"భావం బాగుంది. ముగింపు ఇంకొంచెం నవ్వించేలా ఉంటే బాగుండేది."

ఆ మధ్యాహ్నం నేను ఉద్యోగంలో చేరాను.

మొదటి రోజు ఫ్యాను కింద గంటసేపు కూర్చున్నా ఏం పొగడాలో తోచలేదు. ఉన్నదాన్ని పొగడబోతే అది ఫిర్యాదులా వస్తోంది. ఇలా లాభం లేదని, నాకేం కావాలో అదే జరిగినట్టు రాశాను.

"ఈ రోజు ఆరూ నలభై బస్సు ఆరూ నలభైకే బయలుదేరింది. ఒక కుట్టుపని ఆవిడ గేటు పడకముందే షెడ్డుకు చేరింది. పని మొదలవడానికి ఇంకా టైముంది. తన మిషను ముందు ఊరికే అలా కూర్చుంది. దారం కూడా ఎక్కించలేదు."

మేనేజరు గారు చదివి, "ఊహాశక్తి అమోఘం" అన్నారు. మిగతా రెండు ప్రశంసలూ ఇంచుమించు అవే. పెద్దమనిషి గొంతుతో ఆరూ నలభై, దూరప్రాంతం గొంతుతో ఆరూ నలభై. నాకు ఇంకేం రాయాలనిపించలేదు. వారానికోసారి నకళ్లు పై ఆఫీసుకు వెళ్లేవి.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. అన్ని బస్టాండుల నుంచీ ప్రశంసలు వస్తూనే ఉంటాయి. అద్భుతం, అమోఘం, అపూర్వం అని ఉంటుంది. ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరికీ బాధ లేదు. మా ప్రశంసలో మాత్రం టైము ఉంది. బస్సు టైముకు బయలుదేరిందన్న సంగతి పై ఆఫీసులో కలకలం రేపింది. అక్కడివాళ్లెవరూ అలాంటిది చూసి ఉండలేదు. ఇది ఎలా సాధ్యమైందో పరిశీలించడానికి ఒక పెద్దాఫీసరు గారు వస్తున్నారని ఉత్తర్వు వచ్చింది. ఏ రోజు వచ్చేదీ ముందుగా తెలుపబడదు. బస్సులోనే వస్తారు.

మా బస్టాండు చరిత్రలో అలాంటి పరుగులు ఎవరూ చూడలేదు. నా ఫిర్యాదులున్న పుస్తకాన్ని షీల్డుల బీరువాలో దాచి, గొలుసుకు కొత్త పుస్తకం కట్టారు. గోడ గడియారం దింపి బాగు చేయించారు. అది తిరగడం మొదలుపెట్టగానే, నిజంగా టైమెంతో తెలిసి చాలామందికి కంగారు పుట్టింది. డ్రైవరు గారికి టీ ఫ్లాస్కులో పోసి ఇచ్చి సీటులో కూర్చోబెట్టారు.

"కళాకారుణ్ణి తీసుకొచ్చి ఉద్యోగిని చేశావు కదమ్మాయ్" అన్నాడాయన నావైపు జాలిగా చూస్తూ. అని, ఆరూ నలభైకి బస్సు కదిలించాడు.

అందులో ఎక్కినవాళ్లు అమ్మ, ఇద్దరు కూరగాయలమ్మేవాళ్లు, కండక్టరు. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమే, ఇది మన బస్సేనా?" అని అరిచింది. ఆ రోజు ఏడున్నరకే షెడ్డుకు చేరితే వాచ్‌మన్ గేటు తియ్యడానికి అనుమానపడ్డాడట.

ఊరి జనం అలవాటు ప్రకారం ఏడింటికి, తీరుబడిగా వచ్చారు. ఖాళీ చోటు చూసి, బస్సు ఇంకా రాలేదనుకుని కూర్చున్నారు. అది రాత్రంతా ఇక్కడే ఉందన్న సంగతి ఆ గాభరాలో ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, ఆకలేసి ఇళ్లకు వెళ్లారు. రెండో రోజూ అంతే. మూడో రోజుకు విషయం అర్థమై, ఆగ్రహం మొదలైంది.

"చెప్పాపెట్టకుండా టైముకు పోతే ఎలా?"

"ఇన్నేళ్లనుంచి లేని టైము ఇప్పుడెందుకొచ్చింది?"

"అడిగేవాడు లేకపోతే ఇలాగే ఉంటుంది!"

ఆరూ నలభైకి రావచ్చు కదా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ సంగతి ప్రస్తావించడం అమర్యాద అని అందరికీ తెలుసు.

పెద్దాఫీసరు గారు మాత్రం పది రోజులైనా రాలేదు. ఆయన ఎక్కవలసిన బస్సు అక్కడ ఆలస్యమవుతోందని కబురు వచ్చింది. ఆయన రానన్ని రోజులూ మా బస్సు టైముకు పోతోంది. పదకొండో రోజున మేనేజరు గారు నన్ను పిలిచి, ఎర్ర పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించారు.

"ఇదేమిటమ్మా? 'ఆరూ నలభైకి బయలుదేరింది' అని రాశావు."

నేను తలూపాను.

"బస్సు నిజంగానే ఆరూ నలభైకి పోతోంది కదా. అలాంటప్పుడు ఇది ప్రశంస ఎలా అవుతుంది? ఇది సమాచారం. సమాచారానికి ఎంక్వైరీ ఉంది. నీ పోస్టు మంజూరైంది ప్రశంసకు. నిజం రాయడానికి నిధులు లేవమ్మా. ఏమీ అనుకోకు."

అలా నా ఉద్యోగం పోయింది. నెల కూడా నిండలేదు. ఇంటికెళ్లాక పెదనాన్న తల పట్టుకున్నాడు. "కాస్త అబద్ధం కలుపుకోవద్దుటే! ఉద్యోగమన్నాక ఆ మాత్రం కష్టపడాలి!"

మా ఊళ్లో వార్త ఇంటికి చేరేలోగా జనం చేరారు. నేను మేనేజరు గారి గది గడప దాటి రోడ్డెక్కేసరికి లైబ్రరీ ఆయన, టీ కొట్టాయన, మాస్టారు, వెనక ఓ నలభైమంది ఉన్నారు. అందరి మొహాల్లోనూ సంతోషమే.

"పీడ విరగడైంది!" అన్నారు లైబ్రరీ ఆయన. "ఇక నువ్వు స్వతంత్రురాలివి! నీ కలం మళ్లీ ప్రజలది! బస్సు టైముకు పోవడం మీద ఒక ఫిర్యాదు రాయాలి. నీలా రాసేవాళ్లు లేరు. చదువుతుంటే రాయి కూడా నవ్వాలి."

"పుస్తకానికి నేను అట్ట వేయిస్తా" అన్నాడు టీ కొట్టాయన.

"ఈసారి ఎర్ర పెన్ను తీసుకురానులే" అన్నారు మాస్టారు. అది ఆయన ఎవరికీ ఇవ్వని మాట.

"మా పేర్లు మాత్రం రాయొద్దమ్మా" అంది వెనకనుంచి ఒకావిడ. "నీ పేరే పెట్టు. నీకు అలవాటే కదా."

నిజం చెప్పాలంటే నాకు ఆశ కలిగింది. ఎర్ర పుస్తకంలో నేను రాసింది చదివి ఒక్కళ్లూ నవ్వలేదు. అసలు ఊళ్లో ఒక్కళ్లూ చదవలేదు. కిటికీలోంచి బాబాయి చదువుతుంటే బల్లల మీద జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒక్క పేజీ రాస్తే అదంతా తిరిగి వస్తుంది. దాంతోపాటు ఏడూ ఇరవై కూడా తిరిగి వస్తుంది.

పదిమంది ముందు నేను నోరు తెరిచింది అదే మొదటిసారి.

"నేను రాయను" అన్నాను. గొంతు చిన్నగానే వచ్చింది. "మా అమ్మ బస్సది."

జనం నమ్మలేనట్టు చూశారు. "అమ్ముడుపోయింది" అన్నారు లైబ్రరీ ఆయన. ఉద్యోగం పోయాక నన్ను ఎవరు కొన్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక రోజుకు అంత మాట్లాడటం నాకు చాలు.

మర్నాటినుంచి నేను పొద్దున్నే వెళ్లి ఎర్ర పుస్తకంలో ఒక్క వాక్యం రాసి వచ్చేదాన్ని. ఈ రోజు బస్సు ఆరూ నలభైకి బయలుదేరింది. అంతే. జీతం లేదు, కుర్చీ లేదు, పదకొండింటి టీ లేదు. పుస్తకం ఖాళీగా ఉంటే పెద్దాఫీసరు గారు రావడం మానుకుంటారని, ఆయన మానుకుంటే బస్సు ఆరూ నలభై మానుకుంటుందని నా భయం. ఉద్యోగం లేకుండా పొగిడే మనిషిని తన సర్వీసులో చూడలేదని మేనేజరు గారు నన్ను వచ్చినవాళ్లకు చూపించేవారు.

జనం ఊరుకోలేదు. నేను రాయకపోతే ఏమైంది, వాళ్లే రాశారు. పదకొండేళ్లు పెన్ను లేదని ఊరుకున్నవాళ్లు ఇంట్లోంచి తలా ఒక పెన్ను తెచ్చుకున్నారు. నాలుగు రోజుల్లో ఫిర్యాదుల పుస్తకంలో నలభై ఒక్క ఫిర్యాదులు పడ్డాయి. "బస్సు ఆరూ నలభైకి ఖచ్చితంగా బయలుదేరుతున్నందున మిక్కిలి అసౌకర్యం కలుగుచున్నది." "ఒక్క నిమిషం కూడా ఆగుట లేదు." "ఇది వరుసగా పద్నాలుగో రోజు." అందరూ తేదీ వేశారు, టైము వేశారు, సంతకాలు చేశారు. జీవితంలో మొదటిసారి రాయడం వల్ల వివరాలన్నీ జాగ్రత్తగా ఇచ్చారు.

మేనేజరు గారు చమటలు తుడుచుకున్నారు. నలభై ఒక్క ఫిర్యాదులు అంటే నలభై ఒక్క షీల్డులు పోయినట్టు. ప్రజాభీష్టం మేరకు సోమవారం నుంచి బస్సును ఏడుంబావుకు మార్చాలని ఉత్తర్వు సిద్ధం చేయించి, సంతకానికి పెన్ను తీశారు. అది శనివారం. ఆ సంగతి బాబాయి నా చెవిలో చెప్పాడు. "అమ్మకు ఇంకెన్ని గేట్లు ఉన్నాయి పాపా?" అని అడిగాడు. ఒక్కటి, అని వేలు చూపించాను.

ఆ శనివారం మధ్యాహ్నం, ఎప్పుడో రావలసిన బస్సు దిగి పెద్దాఫీసరు గారు వచ్చారు. చొక్కా నలిగిపోయి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా రెండు పుస్తకాలూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకున్నారు. అటొక పేజీ, ఇటొక పేజీ తిప్పారు. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చాలాసేపటికి ఆయన లేచి కళ్లజోడు తీశారు. కళ్లు చెమర్చాయి.

"సోదర సోదరీమణులారా! నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నో వందల పుస్తకాలు చూశాను. ఏ బస్టాండులోనైనా ప్రశంసల పుస్తకం ఒకటి చెబుతుంది, ఫిర్యాదుల పుస్తకం ఇంకొకటి చెబుతుంది. రెండూ ఒకే మాట చెప్పడం ఇదే మొదటిసారి! ప్రశంస అంటే ఎవరైనా డబ్బిచ్చి రాయించుకోవచ్చు. కానీ నలభై ఒక్కమంది పౌరులు, స్వచ్ఛందంగా, తేదీలతో సహా, సంతకాలు చేసి, ఈ బస్సు టైముకు పోతోందని సాక్ష్యం చెప్పారు! మీ అందరికీ నా అభినందనలు. ఈ ఆరూ నలభై ఇక శాశ్వతం. నిమిషం మార్చాలన్నా నా అనుమతి కావాలి."

చప్పట్లు ముందు మేనేజరు గారు కొట్టారు. ఆయనకు రాబోయే షీల్డు కనబడింది. జనం కూడా కొట్టారు. ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు, పైగా అభినందనలు చెబుతుంటే కొట్టకపోతే బాగుండదు. లైబ్రరీ ఆయన చప్పట్లు అన్నిటికంటే ఆలస్యంగా ఆగాయి.

అమ్మ మిషను అమ్మకే ఉంది. రోజూ షెడ్డుకు అందరికంటే ముందు చేరి, ఊరికే ఓ పది నిమిషాలు కూర్చుంటోందట. "ఆ కాసేపూ ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, "ఏం చెయ్యను. అదే హాయి" అంది. నా పరీక్ష ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. ఇంతకుముందులా నవ్వించేవి ఇప్పుడు ఇంటిదగ్గర నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. చదివేవాళ్లు లేరు గాని, దానివల్ల ఏ బస్సూ ఆగడం లేదు.

మా ఊరి పాఠకులు మాత్రం ఇప్పటికీ ఏడింటికే బస్టాండుకు వస్తున్నారు. బల్లల మీద కూర్చుని, గొలుసు లాక్కుని, నలభై ఒక్క ఫిర్యాదులూ మొదటినుంచి చదువుకుంటున్నారు. ఎవరి ఫిర్యాదు వాళ్లకు బాగా నచ్చుతోంది. ఈ ఊరికి బస్సు సౌకర్యం లేదని కొత్తవాళ్లకు బాధగా చెబుతున్నారు.

ఇంతదాకా ఆపకుండా చదివారంటే మీరు కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని దేనికోసమో ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. ఒకసారి తలెత్తి చూసుకోండి. మీ బస్సు టైముకే వెళ్లిపోయి ఉండవచ్చు.